పసుపు ఉడికే రోజుల్లో నా ఈస్ట్

"పిండి పులవబెట్టుడు నేర్చుకోనీకి గంత దూరం బస్సెక్కి పోవాల్నా? మనింట్ల ఇడ్లీపిండి పులుస్తలేదా?" అంటుంది మా అత్తమ్మ నీలవ్వ. నేను ఈస్ట్ మీద పీహెచ్‌డీ చేస్తున్నానని తెలిసినప్పటి నుంచి ఇదే మాట. కూలీలకు రొట్టెలు కాలుస్తూ నేనూ నవ్వేసేదాన్ని. ఆర్మూర్‌లో పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో ఇంటి కోడలు పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. కొడుకు కదలొచ్చు. నాదీ, మా ఆయన జితేందర్‌దీ ఒకటే ల్యాబు, ఒకరే గైడు. అయినా ఏటా సెలవు పెట్టేది నేనే. "వానిది డ్యూటీ, నీది సదువేనాయె" అంటుంది అత్తమ్మ. ఇద్దరిదీ చదువే కదా అంటే ఆమె ముఖం తిప్పుకుంటుంది, ఆయన నవ్వుతూ బండి స్టార్ట్ చేస్తాడు.

ఈ ఏడు మాత్రం ఆయన మారాడనుకున్నాను. ఆదివారాల్లో కొమ్ములు ఉడుకుతున్న చోటికి నేను అన్నం గంప తీసుకెళ్తే వెనకే వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. "త్రివేణీ, నీ ఈస్ట్ సంగతి జర చెప్పు" అనేవాడు. పెళ్లయ్యాక నా పని గురించి ఆయన అడగడం అదే మొదలు. ఎంత మురిసిపోయానో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. కూలీల పళ్లేల్లో పప్పు పోస్తూనే చెప్పేదాన్ని. ఈస్ట్‌కు కడుపునిండా తిండి దొరికితే ఊరికే ఒకటి రెండవుతూ పెరుగుతుంది. దాని కడుపు మాడ్చాలి. అప్పుడే ఒక్కో కణంలో నాలుగు బీజాలు తయారవుతాయి. అంతకుముందు అది తన డీఎన్‌ఏను తానే అక్కడక్కడ తెంపుకుంటుంది. ఒక పోగు తెగితే, దాని జత పోగును చూసి అతికించే ప్రోటీన్లు ఉంటాయి. ఆ అతుకుల దగ్గరే రెండు వైపుల గుణాలూ అటూ ఇటూ మారతాయి. నేను పట్టుకున్న ప్రోటీన్‌ను తీసేస్తే బీజాలు చచ్చిపోతాయి, అది అందరికీ తెలిసిందే. దానితోపాటు ఇంకొకటి కూడా తీసేస్తే కొన్ని బతుకుతున్నాయి. అది నేను చూశాను. మైక్రోస్కోపు కింద సన్నటి సూదితో ఒక్కో బీజాన్నీ విడదీస్తూ, మెడ పట్టేసి, కళ్లు మంటలెత్తి చూశాను.

"గా రెండోది ఏది తీసినవ్?" అన్నాడు. చెప్పాను. "ఆ ఈస్ట్ డబ్బాలు ఫ్రీజర్ల ఏడ వెట్టినవ్? నువ్వు వచ్చేదాంక నేను సూస్కుంట, ఫికర్ చెయ్యకు." అదీ చెప్పాను. మా ఆయన ఎంత మంచోడో అని పక్కింటి మంగక్కతో గొప్పలు కూడా పోయాను.

పసుపు ఎండకెక్కాక ల్యాబుకు వెళ్తే నా బల్ల నిండా జితేందర్ సామాను ఉంది. ఏమీ అర్థం కాక మా గైడు ప్రేమ్‌చంద్ సార్ గదిలోకి వెళ్లాను.

"రామ్మా, చెప్పి పోదామని వచ్చినవా? పిల్లలు గావాలని రీసెర్చ్ ఆపేస్తున్నవంట గద, జితేందర్ చెప్పిండు. మంచిదే. నీ పని ఆయన పూర్తి చేసిండు, పేపర్ జర్నల్‌కు పంపినం. ఆఖర్ల థాంక్స్ చెప్పిన కాడ నీ పేరు గూడ ఉంది."

నాకు పిల్లలు కావాలన్న సంగతి నాకంటే ముందు సార్‌కు తెలిసింది!

"నేను ఆపలేదు సార్. నన్నెవరూ అడగలేదు. గా పని నాది" అన్నాను.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మొగుడు పెండ్లాల నడుమ నేనెందుకమ్మా? ఇంటికి పోయి మాట్లాడుకోండి."

జితేందర్ బయట వరండాలోనే ఉన్నాడు. అంతా విన్నాడు. "మనం ఏరేనా త్రివేణీ? నా పేరొస్తే నీకొచ్చినట్టే గద! నాకు నౌకరి దొరికితే నువ్వు ఆరాంగ ఇంట్ల ఉండొచ్చు. నీ కోసమే చేసిన" అన్నాడు. ఆ గొంతులో తప్పు చేసిన జంకు ఇసుమంతైనా లేదు.

ఏడుపు వచ్చింది. పని పోయినందుకు కాదు, గట్టు మీద కూర్చుని నన్ను అడిగిన ఆ మనిషి కోసం. నా మాట వింటున్నాడనుకున్నాను, తనకు కావాల్సింది ఏరుకున్నాడు. కొంచెం ప్రేమగా అడిగేసరికి అన్నీ విప్పి చెప్పేశానే, అంత కరువా నాకు? అవును, కరువే. పెళ్లయినప్పటి నుంచీ కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్న మాట తప్ప ఇంకో మాట లేని ఇంట్లో, ఆ పది ప్రశ్నల మీదే బతికాను. తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది. ముఖం కడుక్కుని వచ్చి ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

జర్నల్ ఎడిటర్‌కు రాయడం మొదలుపెట్టాను. ఈ ఈస్ట్ రకాలు తయారు చేసింది నేను, ఈ బీజాలు విడదీసింది నేను, నాకు తెలియకుండా ఈ పేపర్ మీకు వచ్చింది, దయచేసి ఆపండి అని. జితేందర్ వెనక నిలబడి చదివాడు. భుజం మీద చెయ్యి వేయబోయి ఆగాడు.

"ఏందిది? నీ మొగున్ని నేను. నా మీదనే రాస్తవా?"

"మొగుని సంగతి తర్వాత సూస్త. గిప్పుడు రాసేది నా పని దొంగిలించినోని మీద" అని, పంపేశాను.