గీకని రంగు

షాద్‌నగర్ అవతల ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి పొగను లాగే పెద్ద ఫ్యాను ఒకటుంది. దాని జబ్బు కనిపెట్టడం నూరుద్దీన్ పని. ఇరవై ఏళ్లు స్క్రూడ్రైవర్ మొన బేరింగుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నవాడు. మూడేళ్ల కింద అతని చేతికి మీటరు వచ్చింది. దాని వైరు చివర అయస్కాంతం బిళ్ల ఉంటుంది. బేరింగు పెట్టె మీద అంటిస్తే లోపలి అదురు అంకెగా కనబడుతుంది. ముసలి చెవికి పింఛనొచ్చిందని నూరుద్దీన్ నవ్వేవాడు.

దసరా ముందు ఆ అంకె రెండు నుంచి ఐదుకు ఎక్కింది. బేరింగు మార్చాలని రాసిచ్చాడు. అందుకు మూడు రోజులు ఫ్యాను ఆగితే కొలిమీ ఆగుతుంది, పండుగ పోనియ్యమన్నాడు మేనేజరు.

ఆయుధపూజకు ఫ్యాను ఆపిన ఒక్కరోజులో ఆపరేటరు భిక్షం దాన్ని పెండ్లికొడుకును చేశాడు. తుడిచి, ఆకుపచ్చ రంగు రెండు పూతలు మందంగా వేసి, బేరింగు పెట్టెకు పసుపు రాసి బొట్లు పెట్టాడు. నిమ్మకాయలు తెచ్చింది మాత్రం నూరుద్దీనే, ఏటా తెచ్చినట్టే.

మర్నాడు ఫ్యాను తిరగ్గానే మీటరు పట్టుకుని పోయాడు. బిళ్ల ఉత్త ఇనుముకే తగలాలనీ, మధ్యలో మందపు రంగుంటే సన్నటి అదురును మింగేస్తుందనీ అతనికి నేర్పిన పాఠమే. రంగు గీకడానికి బ్లేడు తీశాడు. భిక్షం చేయి అడ్డం పెట్టాడు.

"పూజ చేసిన రంగును గీకుతవా భాయ్? పసుపు గూడ రాలలే. జర వారం దినాలన్న ఉండనియ్యి."

ఇంకొకడైతే పక్కకు జరుపు అని గీకేవాడే. తాను గీకితే ఆ మాట ఏ తీరుగా ఎక్కడిదాకా పోతుందోనని నూరుద్దీన్ జంకాడు. బ్లేడు జేబులో పెట్టి రంగు మీదనే బిళ్ల అంటించాడు. అంకె రెండు చూపింది. అంతా అమ్మవారి దయ అని భిక్షం దండం పెట్టాడు. నూరుద్దీన్ స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కసారి వింటే తెలిసిపోయేది. వినలేదు. రెండు అని రాసి సంతకం చేశాడు. మేనేజరు బేరింగు మార్చే పనిని వచ్చే నెలకు జరిపాడు.

ఆరో రోజు పట్టపగలు బేరింగు పగిలింది. ఫ్యాను రెక్క విరిగి, చుట్టూ ఉన్న రేకును చీల్చుకుని బయటపడింది. పక్కనే నిలబడి ఉన్న భిక్షం దవాఖానదాకా కూడా బతకలేదు.

మూడో నాడు మేనేజరు ఒక కాగితం ముందు పెట్టాడు. ఆపరేటరు గ్రీజు పెట్టక బేరింగు పోయిందని అందులో ఉంది. సాక్షిగా నూరుద్దీన్ సంతకం కావాలట. పెడితే నౌకరీకి ఢోకా లేదు, చచ్చినవాడు వచ్చి అడగడు అని నచ్చజెప్పాడు. నూరుద్దీన్ కాగితం తిప్పి వెనక తన చేత్తో రాశాడు. గ్రీజు రోజూ పడింది, రంగు గీకకుండా మీటరు పెట్టి తప్పు అంకె రాసింది నేను. సంతకం చేసి గేటు దాటాడు.

నేరుగా భిక్షం ఇంటికే పోయాడు. భార్య శ్యామలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"గాయిన గ్రీజు పెట్టలేదంటున్నరు. నిజమేనా అన్నా?"

"పెట్టిండు చెల్లె. ఒక్కనాడు తప్పలే. తప్పు నాది. మీటరు పెట్టే ముందు రంగు గీకలే నేను."

"ఎందుకు గీకలే?"

ఉన్నదున్నట్టు చెబితే నేరం మళ్లీ చచ్చినవాడి మీదికే పోతుంది.

"మర్చిపోయిన," అన్నాడు.

శ్యామలమ్మ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.