నాన్న ఫోన్‌కు రాని కొలబద్దలు

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని నేనే. చదివింది చరిత్ర. అయినా మిక్సీ తిరగకపోతే, ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే, ఫోన్ మొరాయిస్తే అమ్మ నావైపే చూస్తుంది. "అంత చదువు చదివావు, ఇదెంత నీకు" అంటుంది. ఆ చదువుకీ ఇస్త్రీపెట్టెకీ సంబంధం లేదని మొదట్లో చెప్పి చూశాను. తర్వాత అలా చెప్పడం కన్నా ఒక స్క్రూడ్రైవర్ కొనుక్కోవడమే తేలికనిపించింది.

ఆ గురువారం మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా మూత తీయబోతుంటే బాబాయి ఫోన్ చేశాడు. బాబాయి నాకు పనివేళల్లో ఎప్పుడూ చేయడు. పదిరోజులుగా నాన్నకి ఫోటోలు పంపుతున్నానని, నాన్న అన్నీ చూస్తున్నాడని, చూసినట్టు తన ఫోన్‌లో నీలం గుర్తులు కూడా పడుతున్నాయని, ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదని చెప్పాడు. గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"శనివారం దాకా చూస్తానమ్మా. ఆపైన కోత పని మిషన్ పెట్టుకున్నవాడికి ఇచ్చేస్తాను. ఇక ఎవరి పని వాళ్లదే."

నాన్న, బాబాయి వడ్రంగులు. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే పని. బాబాయి పని ఉన్న చోటుకి వెళ్లి కొలతలు తీస్తాడు, తయారైనవి తీసుకెళ్లి బిగిస్తాడు. నాన్న షెడ్డులో కోసి, చిత్రిక పట్టి, అతికించి, వార్నిష్ వేస్తాడు. కొలతలు వాళ్లు కాగితం మీద రాసుకోరు. గదికొక సన్నటి బద్ద తీసుకుని, తలుపు ఎక్కడ రావాలో, అర ఎక్కడ రావాలో దాని మీదే పెన్సిల్‌తో గీస్తారు. దాన్ని కొలబద్ద అంటారు. బాబాయి సాయంత్రం బద్దల కట్ట తెచ్చి షెడ్డు మూల నిలబెడితే, పొద్దున్నే నాన్న ఏమీ అడక్కుండా రంపం అందుకునేవాడు.

ఈసారి పని ఊరికి ఆ చివర కడుతున్న హాస్టల్లో వచ్చింది. పన్నెండు గదులకు చెక్క అలమరలు. రోజూ రాకపోకలు కుదరక బాబాయి అక్కడే ఉంటున్నాడు. బద్ద పక్కన టేపు పరిచి, గీతగీతకీ అంకె వేసి, ఫోటో తీసి పంపుతానన్నాడు. నాన్నది అప్పటిదాకా బటన్ల ఫోన్. అందుకని నా పాత ఫోన్ నాన్నకిచ్చి నేను వేరేది కొనుక్కున్నాను. కాబట్టి తప్పు ఎక్కడున్నా కొంత నాదే అనిపించింది.

సాయంత్రం నేరుగా షెడ్డుకి వెళ్లాను. నాన్న చేతిలో పనిలేక ఉలులు నూరుతున్నాడు. అప్పటికే నూరినవాటినే మళ్లీ నూరుతున్నాడు. ఫోటోల సంగతి అడిగితే ఫోన్ నా చేతిలో పెట్టాడు. బాబాయి పేరు కింద పది బూడిదరంగు గళ్లు వరుసగా ఉన్నాయి. ఒకదాన్ని నొక్కితే చక్రం కాసేపు తిరిగి, ఈ ఫోటో గడువు దాటిపోయింది, పంపినవారిని మళ్లీ పంపమని అడగండి అని వచ్చింది.

"చూశావా? పంపుతాడు, నేను నొక్కేలోపే తీసేస్తాడు. నాకు ఫోన్ రాదని ఆటపట్టిస్తున్నాడు."

పంపినవాడు తీసేస్తే అలా రాదని చెప్పాను. మరి ఫోన్ చేసి ఒక్క మాట అడగలేకపోయావా అన్నాను. నాన్న ఉలి అంచు వేలితో చూసుకున్నాడు.

"తమ్ముణ్ణి అడుక్కోవాలా?"

అన్న చూసి ఊరుకుంటున్నాడని ఆయన, తమ్ముడు పంపి తీసేస్తున్నాడని ఈయన. మధ్యలో పన్నెండు గదులు ఖాళీ.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను. ముందు నా ఫోన్ నుంచి నాన్నకి ఉప్పుడబ్బా ఫోటో పంపాను. బూడిదరంగు గడే వచ్చింది. అదే ఫోటో అమ్మ ఫోన్‌కి ఠక్కున వచ్చింది. అంటే బాబాయి తప్పు లేదు, ఇంట్లో సిగ్నల్ తప్పూ లేదు. ఫోన్‌లో చోటు నిండిందేమోనని నా పాత ఫోటోలన్నీ తీసేశాను. నెట్ ఆపి మళ్లీ పెట్టాను. ఫోన్ ఆర్పి వెలిగించాను. యాప్ మూసి మళ్లీ తెరిచాను. తేదీతో సహా తెర మీద కనిపించేవన్నీ ఒక్కొక్కటే చూశాను. అంతా సరిగానే ఉంది. ఉప్పుడబ్బా మాత్రం రాలేదు.

అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, "పరీక్షకి కూడా ఇంత కష్టపడలేదు నువ్వు" అంది. అన్నదమ్ములిద్దరూ ఊ అంటే ఉలిక్కిపడే రకమనీ, మధ్యలో ఫోన్ పాపం ఏం చేస్తుందనీ కూడా అంది. నాన్న వినపడనట్టు మంచినీళ్లు తాగాడు.

శుక్రవారం ఆఫీసు నుంచి గంట ముందే బయల్దేరి, ఫోన్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాను. మెకానిక్ కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో ఫోన్ పొట్ట విప్పి చూస్తున్నాడు. నేను చేసినవన్నీ వరసగా అప్పజెప్పాను. ఓపిగ్గా విని, మా ఫోన్ తీసుకుని తెర వెలిగించాడు.

"ఇవాళ తేదీ ఎంత మేడమ్?"

"పదమూడు."

"ఇందులో పదహారు ఉంది."

"అవునండీ. మూడు తీసెయ్యాలి."

ఆయన భూతద్దం పైకి నెట్టాడు. "ఎందుకు తీసెయ్యాలి?"

"మా ఇంట్లో అంతేనండీ" అన్నాను. అన్నాక ఆ మాట నా చెవికే వినబడింది.

నేను పుట్టకముందు నాన్న ఒక హెడ్మాస్టరుగారికి కుర్చీ చేసిచ్చాడట. మాటిచ్చిన రోజుకే ఇచ్చాడు గానీ వార్నిష్ ఆరలేదు. హెడ్మాస్టరుగారు తెల్ల ప్యాంటుతో కూర్చున్నారు. లేచినప్పుడు కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. వార్నిష్ ఆరడానికి మూడు రోజులు పడుతుంది కదా, అప్పట్నుంచి షెడ్డులో రోజుకో కాగితం చింపే క్యాలెండర్ మూడు రోజులు ముందుంటుంది. దాని మీద గడువు తేదీ వచ్చిందంటే ఆ రోజు వార్నిష్ పడి తీరాల్సిందే. ఆ క్యాలెండర్ చూస్తూ పెరిగినదాన్ని నేను. అక్కడ తేదీ చూడటం, మూడు తీసేయడం, ఊపిరి పీల్చుకోవడంలాంటి పని నాకు. నాన్న కొత్తగా వచ్చిన ఫోన్‌ని కూడా ఆ క్యాలెండర్‌కి సరిపెట్టుకున్నాడు. ముందురోజు నేను ఆ తేదీని కనీసం పదిసార్లు చూశాను. పదిసార్లూ మనసులో మూడు తీసేసి, సరిగ్గా ఉంది అనుకున్నాను. చరిత్ర పరీక్షలో తేదీలకు ఒక్క మార్కు కూడా పోగొట్టుకోని మనిషిని.

మెకానిక్ నవ్వు ఆపుకుంటూ వివరించాడు. ప్రతి ఫోటోతోపాటు, ఫలానా టైములోపు తీసుకోవాలని ఒక చీటీలాంటిది వస్తుందట. మా ఫోన్ మూడు రోజులు ముందున్న పాపానికి ప్రతి చీటీ దానికి పాతబడ్డదిగానే కనిపిస్తోంది. టైపు చేసిన మాటలకీ కాల్స్‌కీ ఆ చీటీ పని లేదు కాబట్టి అవి మామూలుగానే వస్తున్నాయి. తేదీ తప్పుగా ఉందని ఫోన్ చెప్పే ఉంటుంది, ఎవరో పక్కకి నెట్టేసి ఉంటారన్నాడు. సరిచేయబోతుంటే వద్దన్నాను. అది నాన్న పెట్టిన తేదీ. నాన్నే మార్చాలి.

షెడ్డుకి వెళ్లేసరికి నాన్న పొట్టు ఊడుస్తున్నాడు. మెకానిక్ చెప్పింది చెప్పాను. నాన్న చీపురు ఆపి, గోడమీది క్యాలెండర్ వైపు చూశాడు. ఆ తేదీ వల్ల ఇన్నేళ్లలో ఒక్క కుర్చీ ఎవరికీ అంటుకోలేదన్నాడు. నిజమే, గోడమీది దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, ఫోన్‌లోది మారిస్తే చాలన్నాను. తేదీ సరిచేయమని ఫోన్ అడిగిందా అంటే, అడిగిందట. రోజూ అడుగుతోందట. "నా తేదీ సంగతి దానికేం తెలుసని తర్వాత అని నొక్కేశా" అన్నాడు.

బల్ల మీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, తనే మూడు రోజులు వెనక్కి తిప్పాడు. తిప్పి ఒక గడి నొక్కాడు. రాలేదు. పదిరోజుల చీటీలు నిజంగానే పాతబడిపోయాయి. బాబాయి మళ్లీ పంపాలి. అంటే అడగాలి. నేను చేస్తానన్నాను. నాన్న తల అడ్డంగా ఊపి, తనే నొక్కి స్పీకర్ పెట్టాడు.

"చిన్నోడా, ఆ బద్దలు మళ్లీ పంపు."



"ఎన్నిసార్లు పంపను అన్నయ్యా? చూశావుగా."

"చూడలేదురా. ఒక్కటీ రాలేదు." నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఫోన్‌లో తేదీ మూడు రోజులు ముందుకు పెట్టా. తప్పు నాదే."

 అవతల ఒక చిన్న దగ్గు, దాని వెనకాలే నవ్వు. బాబాయికి నవ్వొస్తే ఊపిరాడదు, తెలిసినవాళ్లకైతే భయం వేయదు. హెడ్మాస్టరుగారు ఇంకా మనల్ని వదల్లేదన్నమాట అన్నాడు. నాన్న మూతి బిగించాడు గానీ మీసం కదిలింది.

ఫోటోలు వరసగా వచ్చాయి. బూడిదరంగు చెదిరి, గచ్చు మీద పరిచిన బద్దలు, పసుపు టేపు, బాబాయి లావాటి అంకెలు కనిపించాయి. నాన్న రెండు వేళ్లతో లాగి లాగి చూశాడు. మొట్టమొదట పంపిన ఫోటో మాత్రం బద్దది కాదు, ఒక సొరుగుది. మూలలు పళ్లలాగా ఒకదాంట్లో ఒకటి కూర్చునే అతుకు. ఇన్నేళ్లూ అది నాన్నే చేసేవాడు. బాబాయి మొదటిసారి ఒంటరిగా చేసి, అన్నయ్యకి చూపించాలని పంపాడు. పదిరోజులు ఎదురుచూసింది దేనికోసమో నాకప్పుడు అర్థమైంది.

నాన్న ఆ ఫోటో దగ్గర చాలాసేపు ఆగాడు.

"కుడి పక్క రెండో పన్ను దగ్గర వెంట్రుకంత సందు ఉందిరా."

"ఉంది అన్నయ్యా." బాబాయి గొంతు వెలిగింది. సందు ఎక్కడుందో నాన్న వెతికి చెప్పాడంటే మిగతాదంతా నచ్చినట్టేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. "నీకు తప్ప ఎవరికీ కనపడదు."

"ఎడమ పక్క బాగా కుదిరింది." నాన్న చీపురు గోడకి చేర్చి, పలకల దొంతర మీద కప్పిన పట్టా తీశాడు. "సరే. రేపు పొద్దున్నే మొదటి గదికి కోత మొదలుపెడతా."

"ఏ రేపు అన్నయ్యా? నీ రేపా, అందరి రేపా?"

నాన్న గోడమీది క్యాలెండర్ వైపోసారి, చేతిలోని ఫోన్ వైపోసారి చూశాడు.

"అందరి రేపే" అన్నాడు.