కర్రలిచ్చి ఎక్కిన బండి

రావులపాలెం దాటాక హైవే పక్కన అరటితోటలు కొట్టేసి ఒక వాటర్ పార్కు కట్టారు. కాళ్ళు లేనివాళ్ళు లోపల తిరగడానికి బ్యాటరీ బండ్లు పెట్టాలని వికలాంగుల సంఘం పద్నాలుగు నెలలు కొట్లాడింది. విన్నవాళ్ళు నవ్వారు. పింఛను అడగండి, ఇళ్ళస్థలాలు అడగండి, జారుడుబల్లల దగ్గర మీకేం పని అన్నారు. సంఘం కార్యదర్శి భీమరాజుకి ఒళ్ళు మండేది సరిగ్గా ఆ మాటకే.

"మేం ఆకలితో చస్తే జాలిపడతారు, సరదా పడితే మాత్రం కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారేంటండీ?" అనేవాడు.

భీమరాజుకి ఎడమకాలు పోలియో. రామచంద్రపురం బస్టాండులో ఎస్టీడీ బూత్ నడుపుతాడు. చదివింది ఏడో తరగతి. అర్జీలన్నీ తనే రాస్తాడు, తప్పులతో సహా. కలెక్టరుకి రాశాడు, ఎమ్మెల్యేకి రాశాడు, పార్కు ఓనరుకి పదకొండు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే పద్దెనిమిది ట్రైసైకిళ్ళు పార్కు గేటుకి అడ్డంగా పెట్టించి కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఒక్క కారు లోపలికి పోలేదు. మర్నాడు పిలిచారు మాటలకి.

మేనేజరు పేరు ఉదయభాస్కర్. నెమ్మదైనవాడు, మర్యాదస్తుడు. గొంతు పెంచేవాడితో భీమరాజు ఎప్పుడూ నెగ్గేవాడు. ఇలాంటివాడితో ఎలా మాట్లాడాలో అతనికి తెలియదు.

"బండ్లు రెండు తెప్పిస్తామండి. అద్దె కూడా వద్దు. కానీ ఎవరైనా గేటు దాటించి తోలుకుపోతే పూచీ ఎవరిదండీ? ఏదో ఒకటి మా దగ్గర పెట్టాలి కదా."

"ఏం పెట్టమంటారు? రేషను కార్డా?"

"కార్డు పోతే ఇంకోటి తెచ్చుకుంటారండి."

భీమరాజు తన చేతికర్ర ఎత్తి టేబులు మీద టప్పున పెట్టాడు. "అయితే ఇది పెట్టుకోండి. కర్ర లేకుండా మేం ఎక్కడికి పారిపోతామండీ?"

గదిలో అందరూ నవ్వారు. సంఘం వాళ్ళే ముందు నవ్వారు. ఉదయభాస్కర్ మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు. బండి ఎక్కువారు తమ కర్రలను కౌంటరునందు ఉంచవలెను. బండి తిరిగి అప్పగించిన పిమ్మటనే కర్రలు ఇవ్వబడును. దాని కింద భీమరాజు సంతకం చేశాడు. గెలిచిన ఊపులో చదవకుండా చేశాడని కాదు, చదివే చేశాడు. తన మాట కాగితం మీదకెక్కినందుకు ముచ్చటపడ్డాడు కూడా.

మొదటి బండి ప్రసన్నకుమారి ఎక్కాలని సంఘం తీర్మానించింది. ఆమె లూథరన్ చర్చి వీధిలో జాకెట్లు కుడుతుంది. రెండు కాళ్ళూ పోలియో. కాళ్ళకి ఇనుప కడ్డీలు కట్టుకుని, చంకకర్రల మీద నడుస్తుంది. గేటు దగ్గర ధర్నా చేసిన రోజు అందరికన్నా ముందు కూర్చుని అందరికన్నా చివర లేచింది ఆమే.

ఆమె మొగుడు లాజరుకి ఇది ఇష్టం లేదు. రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషి, మంచివాడే. "జనం మధ్య బొమ్మలా కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారు. నవ్వులపాలై వస్తావు, నా మాట విను" అన్నాడు. ఆమె వినలేదు. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఆమెకున్న భయం వేరే. అది మొగుడితో చెప్పలేదు, సెక్రటరీనే అడిగింది.

"భీమరాజు గారూ, అక్కడ బాత్రూము మాటేంటండీ?"

సంఘంలో ఆడవాళ్ళకి ఒక అలవాటు ఉంది. ఊరు దాటాల్సిన రోజుకి ముందు రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. కాకినాడ సర్టిఫికెట్లకి వెళ్ళినా అంతే, రాజమండ్రి ఆస్పత్రికి వెళ్ళినా అంతే. బస్టాండు లెట్రిన్లో కర్రలు జారితే ఆ నేల మీదే చేతులు పెట్టాలి. దానికన్నా నాలుక పిడచకట్టుకుపోవడం నయం. ఇది ఏ అర్జీలోనూ ఉండదు. రాసేది మగాళ్ళు కదా.

"నేను దగ్గరుండి చూశానమ్మా. కుర్చీలా కూర్చునేదే. పట్టుకోడానికి రెండు పక్కలా కడ్డీలు పెట్టించాను. మీరు శుభ్రంగా నీళ్ళు తాగి రండి. ఇంకెన్నాళ్ళమ్మా అలా ఎండబెట్టుకోవడం?"

"తాగమంటారా?"

"నాది పూచీ."

రెండు వేల నాలుగు, మే నెల రెండో ఆదివారం. రిబ్బను కట్ చేయడానికి ఎవరో పెద్దమనిషి కుటుంబంతో వచ్చాడు. కట్ చేశాక ఆయన పిల్లలిద్దరూ ఆ బండ్లెక్కి దిగం అన్నారు. గంటన్నర తిరిగారు. ఎండలో నిలబడ్డ సంఘం వాళ్ళకి మజ్జిగ పోశారు. ప్రసన్నకుమారి రెండు గ్లాసులు తాగింది. ఆ పిల్లల్ని దింపమని భీమరాజు రెండుసార్లు అడిగాడు.

"ఆయ్, దింపుతామండి, చిన్నపిల్లలు కదండీ" అన్నాడు ఉదయభాస్కర్.

పన్నెండు దాటాక బండ్లు వీళ్ళకి వచ్చాయి. సంఘంలో మిగతావాళ్ళు అప్పటికే ఎండకి ఆగలేక ఇళ్ళకి వెళ్ళిపోయారు. కౌంటరులో కర్రలు తీసుకుని రెండు టోకెన్లు ఇచ్చారు. ప్రసన్నకుమారి చంకకర్రలు అప్పగించేటప్పుడు కాసేపు వదల్లేదు. కౌంటరు మనిషి లాగితే వదిలింది.

బండి కదిలాక మాత్రం ఆమె మొహం చూడాలి. కుట్టుమిషను చక్రం తిప్పిన చెయ్యి అది, హేండిలు వెంటనే పట్టుబడిపోయింది. ముందు మెల్లగా పోయింది, తర్వాత గట్టిగా పోయింది, పూలకుండీల చుట్టూ రెండు చుట్లు కావాలని తిరిగింది.

"ఎటు తిప్పితే అటు పోతందండోయ్!" అని అరిచింది. వెనక రెండో బండిలో వస్తున్న భీమరాజు ఆమె అరుపు వినడం అదే మొదటిసారి.

కెరటాల కొలను దగ్గరికి వచ్చేసరికి ఆమె బండి ఆగిపోయింది. హేండిలు మీది ఎర్రలైటు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. ఇరవై అడుగుల వెనక భీమరాజుదీ ఆగింది. పిల్లలు తిరిగి తిరిగి చార్జింగు మొత్తం తినేశారు.

బాత్రూములు గేటు పక్కన ఉన్నాయి. అక్కడికి రెండు వందల గజాలు.

మొదట ఇద్దరూ నవ్వుకున్నారు. పది నిమిషాలకి గార్డు శ్యాంబాబు వచ్చాడు. బండి తోశాడు. కదల్లేదు. చార్జింగు అయిపోతే చక్రాలు బిగుసుకుపోయే రకం అది. వాటిని వదులు చేసే మీట ఒకటి సీటు కింద ఉంటుందట. అది అక్కడ ఎవరికీ తెలియదు.

"కర్రలు తీసుకురా బాబూ, నడిచిపోతాం" అన్నాడు భీమరాజు.

శ్యాంబాబు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "బండి అప్పగించాకే కర్రలు ఇస్తారంటండి."

"బండే కదలట్లేదు కదయ్యా!"

"చెప్పానండి. రూలంట. మీరే సంతకం పెట్టారంట కదండీ. గది తాళం మేనేజరు గారి దగ్గరుందండి, ఆయన గెస్టులతో భోజనాల కాడ ఉన్నారు. లేచాక ఇస్తారండి."

భీమరాజు ముందు బండికేసి చూశాడు. ప్రసన్నకుమారి నవ్వడం మానేసింది. రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని, కదలకుండా, ఎదురుగా నీళ్ళకేసి చూస్తోంది. ఏమైందని అడగక్కర్లేకపోయింది.

"అమ్మా, ఎత్తుకెళ్ళిపొమ్మంటారా? ఇంకో ఇద్దర్ని పిలుస్తానండి" అన్నాడు శ్యాంబాబు.

"వద్దు బాబూ. ఎత్తొద్దు. నన్ను ముట్టుకోవద్దు. కర్రలు చాలు."

శ్యాంబాబు మళ్ళీ పరిగెత్తాడు. భీమరాజు బండి దిగాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి నాలుగడుగులు వేశాడు. తడిసిన గచ్చు. అయిదో అడుక్కి పడ్డాడు. లేచి, మళ్ళీ పడ్డాడు. తడి నిక్కర్లతో పిల్లలు అతని మీంచి దూకుతూ పోయారు. కలెక్టరు ఆఫీసులో కుర్చీ లాగి కూర్చునే మనిషి, పద్దెనిమిది ట్రైసైకిళ్ళతో పార్కు గేటు మూయించిన మనిషి, రెండు వందల గజాలు పోలేక కొలను గట్టు మీద చతికిలబడ్డాడు. అరిచాడు. కొలనులో పాటలు పెట్టారు పెద్ద సౌండుతో. ఎవరికి వినపడుతుంది?

ఎంతసేపయిందో. ప్రసన్నకుమారి పిలిచింది.

"భీమరాజు గారూ."

"వస్తాడమ్మా, వచ్చేస్తాడు, కొంచెం ఓపిక…"

"నా మీద నీళ్ళు పొయ్యండి."

అతనికి అర్థం కాలేదు.

"అక్కడ బకెట్టుంది. పొయ్యండి. నెత్తి మీంచి పొయ్యండి." ఆమె మొహం అతని వైపు లేదు. "తొందరగా పొయ్యండి. ఎవరైనా చూసేలోగా."

అప్పుడు అర్థమైంది. సీటు మీంచి కిందకి ఒక సన్నటి ధార కారుతోంది.

గట్టు మీద పిల్లలెవరో వదిలేసిన పచ్చ ప్లాస్టిక్ బకెట్టు ఉంది. కొలనులో ముంచి, కూర్చున్నచోటు నుంచి పాక్కుంటూ పోయి పోశాడు. ఒకటి చాల్లేదు. మళ్ళీ పాకాడు. మూడు పోశాడు, నాలుగు పోశాడు. ఆమె జుట్టు, చీర, చర్చికి కట్టుకునే నీలం పట్టుచీర, అంతా ఏకమైపోయింది. అది చూసి కొలనులో కుర్రాళ్ళు ఈల వేశారు. ఆటనుకున్నారు. ఇద్దరు పైకొచ్చి వాళ్ళూ చెరో బకెట్టు పోశారు. "ఆంటీ, ఇంకోటి!" అన్నారు. ప్రసన్నకుమారి నవ్వింది. నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూడలేక భీమరాజు కళ్ళు మూసుకుని పోశాడు.

బండి అడుగున టప్‌మని ఏదో పేలి పొగ వచ్చింది.

అప్పుడు వచ్చాడు ఉదయభాస్కర్, భోంచేసి కడుక్కున్న చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. శ్యాంబాబు చేతిలో కర్రలున్నాయి.

"ఇదేంటండీ భీమరాజు గారూ! మీరేనా? పెద్దమనిషనుకున్నానే!"

భీమరాజు నోరు తెరిచాడు. ఆమె అతనికేసి ఒక్కసారి చూసింది. నోరు మూసుకున్నాడు.

వారంలో ఉత్తరం వచ్చింది. సంఘం కార్యదర్శి ఒక మహిళా సభ్యురాలితో అసభ్యంగా ప్రవర్తిస్తూ వాహనముపై నీళ్ళు పోసి మోటారు కాల్చినందున రెండు వాహనాలూ ఉపసంహరించుకున్నాము. సంఘం రాతపూర్వకంగా క్షమాపణ చెబితే పరిశీలిస్తాము.

ఎలిమెంటరీ స్కూలు అరుగు మీద మీటింగు పెట్టారు. ఇరవై రెండు మంది వచ్చారు. మొదట లేచింది అప్పాజీ. నూర్పిడి మిషనులో కాలు పోయిన మనిషి, తర్వాతి ఆదివారం వంతు అతనిది.

"ఏవయ్యా భీమరాజూ, పద్నాలుగు నెలలు నీ వెనక తిరిగాం. పార్కువాళ్ళు కేసు పెడతామన్నా భయపడలేదు. మా మనవరాలికి మాటిచ్చానయ్యా, తాత బండి మీద తిప్పుతాడమ్మా అని. నువ్వేమో పరాయి ఆడకూతురితో జలకాలాడి వచ్చావు. ఏం రోగమయ్యా నీకు?"

కొందరు నవ్వారు. సుబ్బాయమ్మ అనే పెద్దావిడ "నోటికి అడ్డం ఉండాలి అప్పాజీ" అంది. కానీ ఆవిడ కూడా జవాబు కోసమే చూస్తోంది.

లాజరు ఒక స్తంభానికి ఆనుకుని నేలకేసి చూస్తున్నాడు. పార్కు నుంచి తడిసి వచ్చిన రోజు పెళ్ళాం, సరదాగా నీళ్ళలో ఆడామని చెప్పింది. వెళ్ళొద్దన్న మనిషితో ఇంకేం చెబుతుంది?

ప్రసన్నకుమారి లేవడం మొదలెట్టింది. ఆమె లేవాలంటే మోకాళ్ళ దగ్గర ఇనుప కడ్డీలు తిన్నగా చేసి గొళ్ళాలు బిగించాలి. ఒక కాలు. టక్. ఆ చప్పుడుకి అందరూ తిరిగారు. నిజం చెప్పడానికే లేస్తోందని భీమరాజుకి తెలిసిపోయింది. ఇరవై రెండు మంది ముందు, మొగుడి ముందు చెబుతుంది. అప్పాజీ లాంటివాడు ఆ మాట బస్టాండు దాకా మోస్తాడు. రెండో కాలు. టక్.

"నేనే పోశాను" అన్నాడు భీమరాజు. "ఎండగా ఉంది. సరదా పుట్టింది. పోశాను. తప్పే."

జీవితంలో ఆ మాట అతని నోట ఎవరూ వినలేదు.

ఆమె అప్పటికే నిలబడి ఉంది. అందరి చూపులూ ఆమె మీదకి వెళ్ళాయి. కూర్చోడానికి లేదు.

"నేనే పొయ్యమన్నానండి" అంది.

"అదే, ఎందుకు పొయ్యమన్నావమ్మా?" అన్నాడు అప్పాజీ.

ఆమె లాజరుకేసి చూసింది. లాజరు స్తంభం దగ్గర్నుంచి కదిలాడు. చెప్పులేసుకున్నాడు. ఎవరినీ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

క్షమాపణ కాగితం మీద భీమరాజు సంతకం తీసుకున్నారు. ఆ పైన రాజీనామా కాగితం మీద తీసుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు, పెన్ను చేతికిచ్చారంతే.

ప్రసన్నకుమారి తన ట్రైసైకిలు ఎక్కి, చేత్తో తిప్పుకుంటూ స్కూలు గేటు దాటింది. ఇంటికి పోవాలంటే కాలవ వంతెన ఎక్కాలి. ఆ ఎత్తు దగ్గర ప్రతిసారీ లాజరు వెనక నుంచి తోస్తాడు, ఒక్కతే ఎక్కడం ఆమె వల్ల కాదు. భీమరాజు కర్ర అందుకుని లేవబోయాడు. అరుగు మీద ఇరవై మందీ అతనికేసి చూస్తున్నారు. వెనక వెళితే ఏమనుకుంటారో అతనికి తెలుసు. వాళ్ళు అనుకునేది, లాజరు ఇంటికి చేరకముందే అతని చెవిన పడుతుంది.

కూర్చున్నాడు. "ఎవరైనా వెళ్ళి తొయ్యండయ్యా" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.