విశ్వనాథం కీబోర్డు

విశ్వనాథం బ్రష్‌తో కీల సందుల్లోని దుమ్ము దులుపుతుండగా ధీరజ్ ఇంకో లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అంకుల్, ఇది లంచ్ వరకల్లా కావాల్నంట. లెటర్స్ వాటంతట అవే పడుతున్నయ్. కొత్తగా విండోస్ కొట్టేయ్."

నాచారం మెయిన్ రోడ్డు పక్కన, సెల్లార్‌లో ఉంది ధీరజ్ రిపేరు షాపు. వెనక మూల ట్యూబ్‌లైట్ కింది బల్ల విశ్వనాథానిది. యాభై ఏడేళ్లు. బొటనవేలి మీద సోల్డరింగ్‌లో కాలిన మచ్చ, ముక్కుకు రెండువైపులా కళ్లజోడు నొక్కిన గుంటలు. ఒకప్పుడు ఉప్పల్‌లో పెళ్లికార్డులు టైపు చేసే సెంటరు నడిపేవాడు. జనం ఫోన్లలోనే కార్డులు పంపుకోవడం మొదలయ్యాక అది మూతపడింది. అక్కడినుంచి తెచ్చుకున్నది ఒక్క కీబోర్డు. దాని మీద అంటించిన తెలుగు అక్షరాల స్టిక్కర్లు చాలావరకు అరిగిపోయాయి. ఏ లాప్‌టాప్ వచ్చినా ముందు దాన్నే తగిలించి చూస్తాడు.

ఇప్పుడూ తగిలించాడు. స్క్రీన్ మీద పాస్‌వర్డ్ గడిలో చుక్కలు ఆగకుండా నిండుతూనే ఉన్నాయి.

"ఇది విండోస్ తప్పు కాదేమో బాబూ. లోపలి కీబోర్డు పోయినట్టుంది. విప్పి కేబుల్ పీకితే తెలిసిపోతుంది. ముందు ఇందులో ఉన్నవి కాపీ చేసి..."

"మల్లా కాపీయా?" ధీరజ్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "నీ కాపీలయ్యేసరికి పొద్దుగూకుతది. ఇది ఇచ్చిన మేడమ్‌ని అడిగిన, సి డ్రైవ్‌ల ఏం లేవన్నది. పక్క షాపోడు గంటల జేసిస్తుండు. గిట్లయితే నేను వేరే మనిషిని సూసుకోవాల్సొస్తది. మల్ల ఫీలయితవ్."

ఆ మాట అనడం ఈ నెలలో అది మూడోసారి. విశ్వనాథం కాపీల కోసం తీసిన హార్డ్ డిస్క్‌ను తిరిగి సొరుగులో పెట్టేశాడు. విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్ గుచ్చి, సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేశాడు; అందులో ఉన్నదంతా చెరిగిపోయింది. స్క్రీన్ మీద శాతం అంకెలు పెరుగుతుంటే పక్కకు తిరిగి డబ్బాలోని పెరుగన్నం తిన్నాడు. భార్య పద్మావతి ఆవకాయ ముక్కను విడిగా కవర్లో కట్టింది. అది విప్పలేదు.

కొత్త విండోస్ లేచి పేరు అడిగింది. ఎవరూ ముట్టుకోకుండానే ఆ గడి నిండా ఒకే ఇంగ్లీషు అక్షరం వరసకట్టింది. అతను స్క్రూలు విప్పి లోపలి కేబుల్ పీకాడు. అక్షరాలు ఆగిపోయాయి. పొద్దునే ఈ పని చేసి ఉంటే పది నిమిషాలు పట్టేది.

రెండింటికి ఆ మేడమ్, సుష్మ, వచ్చింది. మల్కాజిగిరిలో ఉంటుంది, కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. లాప్‌టాప్ తెరిచి చూసింది.

"నా డెస్క్‌టాప్ ఖాళీగ ఉందేంది? థీసిస్ ఏది?"

విశ్వనాథం చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "సి డ్రైవ్‌లో ఏమీ లేవన్నారటమ్మా."

"అవ్ సార్, సి లో ఏం లేవు. అన్నీ డెస్క్‌టాప్ మీదనే పెట్టుకున్న. ఈ అన్నకు గదే చెప్పిన."

డెస్క్‌టాప్ మీదివి ఉండేది సి డ్రైవ్‌లోనే. అది ఆమెకు తెలియదు. ధీరజ్ ఆమె మాటలో సగమే తెచ్చి చెప్పాడు. విశ్వనాథం అతని వైపు చూశాడు. ధీరజ్ ఛార్జర్ల పెట్టె సర్దుతున్నాడు.

విశ్వనాథం పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. సాయంత్రం దాకా ఆమె స్టూలు మీద కూర్చునే ఉంది. ఫైళ్ల పేర్లు దొరికాయి. తెరిస్తే లోపల అక్షరాల బదులు ఖాళీ గళ్లు తప్ప ఏమీ లేవు.

"రెండు చాప్టర్లు మెయిల్ల ఉన్నయి. మిగిలిన నాలుగు దీంట్లనే ఉండె. నెలాఖరుకు మా గైడ్ రిటైరైతుండు." ఆమె గొంతు పెంచలేదు. "విండోస్ కొట్టింది ఎవరు?"

"నేనేనమ్మా. చూసుకోకుండా కొట్టాను."

ఆమె లాప్‌టాప్‌ను మూసి చేతిలోకి తీసుకుంది. తర్వాత మెట్లెక్కి వెళ్లిపోయింది.

"పొద్దుగాల కాపీ పెట్టుకోవాల్సుండె అంకుల్," అన్నాడు ధీరజ్.

విశ్వనాథం బ్రష్‌లో చిక్కిన దుమ్ము విదిలించాడు, డబ్బా సంచిలో పెట్టుకున్నాడు, ట్యూబ్‌లైట్ ఆర్పాడు.

"రేపు జర జల్దీ రా," అన్నాడు ధీరజ్ వెనకనుంచి.

"ఇంక రాను బాబూ."

ఉప్పల్ ఆటో ఎక్కాక కీబోర్డు గుర్తొచ్చినా అతను దిగలేదు. మర్నాడు ధీరజ్ లైటు వేసేసరికి కీబోర్డు బల్ల మీదే ఉంది, వైరు దాని చుట్టూ చుట్టకుండానే. అరిగిన స్టిక్కర్ల మీద 'శ్రీ' ఒక్కటే ఇంకా చదవడానికి వస్తోంది.