స్నానాల కుర్చీ

తుంటి ఎముక విరిగి వదిన ఆసుపత్రిలో ఉండగానే, గడియారాలు బాగుచేసే మరిది పెరట్లోని నేరేడు చెట్టు కొట్టించేశాడు. వంటగది గోడ బీట వారి చెమ్మెక్కిందని, అదంతా వేళ్ల పనేనని తేల్చేశాడు. వదినను ఒక్కమాట అడగలేదు. ఆ చెట్టు ఆమె చేత్తో నాటింది. అడిగితే ససేమిరా అంటుందని తెలుసు.

చెట్టు పోయినా చెమ్మ పోలేదు. ప్లంబరు గోడ తవ్వి చూసి, "వేళ్లూ లేవు, ఏమీ లేవు సార్. పైపు కారుతోంది" అన్నాడు.

మరిదికి తల కొట్టేసినట్టయింది. గడియారంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసే మనిషి! "మా వదిన చెవిన మాత్రం వెయ్యకు" అని బతిమాలుకున్నాడు.

దుంగలు కట్టెల కింద ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదు. వడ్రంగిని పిలిస్తే, "నేరేడు ఓ పట్టాన నీళ్లకి చెడదు. ఆరనిచ్చి, ఆవిడ కూర్చుని స్నానం చెయ్యడానికి కుర్చీ చేస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చిన వదిన మోడు చూసి కళ్లొత్తుకుంది. "గోడ కూలితే కష్టంలే" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. రెండు నెలలకు చేతులున్న కుర్చీ వచ్చింది. ఇక ఫోన్లో అందరికీ ఒకటే చెప్పడం: "మా మరిది బంగారం! స్నానాలగదిలో నాకు సింహాసనం వేయించాడు!"

విన్నప్పుడల్లా అతను లేని పని కల్పించుకుని వీధిలోకి పోయేవాడు.

ఒకరోజు పక్కింటావిడ కుర్చీ చూడవచ్చింది. "మా గోడా బీటలిచ్చిందండీ. మీలాగే మామిడి కొట్టించేస్తాను. రేపే మనుషులొస్తున్నారు."

"వద్దండీ! ముందు పైపు చూపించుకోండి" అన్నాడు మరిది గబుక్కున.

"మీది వేళ్ల వల్లే కదా?"

"కాదు... పైపే."

వదిన మెల్లగా అడిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మీరు ఇంటికి రాకముందే, వదినా."

"చెట్టు కొట్టావు, సరే. ఇన్నాళ్లూ నా చేత పొగిడించుకున్నావు చూడు, అదీ నా బాధ!"

అతనికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

నాలుగు రోజులు వదిన అతనితో మాట్లాడలేదు. కుర్చీ మాత్రం మానలేదు. అయిదోరోజు స్నానాలగది గడప దాటలేక చెయ్యి చాచింది. అతను పరుగున వచ్చి పట్టుకున్నాడు. ఆమె ఒంటి బరువంతా ఆ చేతిమీదే వేసింది, అతని మొహం మాత్రం చూడలేదు. అతనూ తలెత్తలేదు.