తుని గుడ్డసంచి తూర్పు ప్రయాణం

నేను ఒక గుడ్డసంచిని. పాత డేరాగుడ్డతో తునిలో ఒక టైలరు నన్ను కుట్టాడు. గట్టిగానే కుట్టాడు గానీ, అందంగా కుట్టాలన్న ఆలోచన అతనికి వచ్చినట్టు లేదు. వాచీలు బాగుచేసే అప్పలాచారి ఇరవై ఏళ్లు నాలోనే గడియారాలు మోశాడు. ఆయన కొట్టు గోడ మీద క్యాలెండరు నుంచి కత్తిరించిన బొమ్మ ఒకటి ఉండేది. ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ అనే పాతకాలపు ఊళ్లో, చర్చి లోపల మేడంత గడియారం. దాన్ని చూడాలని ఆయన కోరిక. చూడకుండానే పోయాడు.

అందుకే ఆయన భార్య శేషారత్నమ్మ, పారిస్‌లో అక్క కూతురు హైమ ఇంటికి వచ్చినప్పుడు, నన్నూ నాలో ఆయన బల్లగడియారాన్నీ వెంట తెచ్చుకుంది. దాన్ని ఆ పెద్ద గడియారం ఎదుట ఒక్కసారి నిలపాలని ఆమె ఆశ. తిరిగి వెళ్లేలోపు మిగిలింది ఒకే వారాంతం. హైమ ఫోనులో రైళ్లు వెతికి, హోటలు కుదిర్చి, శనివారం పొద్దుటి బండికి టికెట్లు తీసింది.

శనివారం తూర్పు ప్రయాణం పనికిరాదు. స్ట్రాస్‌బర్గేమో తూర్పున ఉంది. చెబితే చదువుకున్న పిల్ల నవ్వుతుందని శేషారత్నమ్మ సిగ్గుపడింది. దీనికి మనవాళ్ల దగ్గర విరుగుడు ఉండనే ఉంది. ముందురోజే సామాను ఇంకో ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. శుక్రవారం సాయంత్రం నన్ను పట్టుకెళ్లి కిందింటివాళ్ల తలుపు కొట్టింది. ఎవరూ తీయలేదు. గడప దాటింది, చాల్లే అనుకుని, మెట్ల కింద ఉత్తరాల డబ్బాల పక్కన నన్ను పెట్టి చప్పుడు చేయకుండా పైకి వెళ్లిపోయింది.

దిక్కూమొక్కూ లేని సంచి, లోపల టిక్కుటిక్కుమని చప్పుడు. అరగంటలో పోలీసులు దిగారు. భవనమంతా ఖాళీ చేయించారు. నలభై మంది వీధిలో చలికి వణికారు. ఒకాయన చెంపల మీద సబ్బునురగ అలాగే ఉంది. నా బతుకులో నాకు అంత మర్యాద ఎన్నడూ జరగలేదు. అంత సిగ్గూ ఎన్నడూ వేయలేదు.

ఇది ఎవరిదని ఒక్కొక్కరినీ అడిగారు. హైమ వీధిలో నిలబడే, తెరిచి ఉన్న తలుపులోంచి నన్ను చూసింది, గుర్తుపట్టింది, తల అడ్డంగా ఊపింది. శేషారత్నమ్మకు ఆ భాష రాదు గానీ తల ఊపడం అర్థమవుతుంది. పోలీసులు కేకలు వేస్తున్నా, వాళ్లు అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి దూరి వచ్చి, నన్ను తెరిచి, గడియారాన్ని పైకెత్తి అందరికీ చూపించింది.

పోలీసులు చీవాట్లు పెట్టి వెళ్లారు. పైకి వచ్చాక హైమ ఏడ్చింది.

"మనది కాదన్నాను పిన్నీ. అందరూ చూస్తున్నారు, నాకు నోరు రాలేదు."

"ఊరుకోవే. మీ బాబాయి ఈ సంచి తగిలించుకుని పెళ్లిళ్లకొస్తే, నేనూ ఎరగనట్టు ఆడాళ్లలో కలిసిపోయేదాన్ని. ఆయనకి తెల్సు. ఒక్కనాడూ అడగలేదు."

మర్నాడు వెళ్లాం. పెద్ద గడియారం ముందు శేషారత్నమ్మ భర్త గడియారాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడింది. నేను ఆమె మోచేతికి వేలాడుతున్నాను. చుట్టూ మంచి మంచి కోట్లు వేసుకున్న జనం. ఫొటో తీయబోతూ హైమ ఆగింది.

"సంచి పక్కన పెట్టీనా?" అంది శేషారత్నమ్మ.

"వద్దు పిన్నీ, ఉండనీ" అంది హైమ. చుట్టూ ఒకసారి చూశాకే అంది.