కుండీల వరస

వంటమాస్టారికి ముక్కు మీదుండే కోపం అలాగే ఉంది కానీ, ముక్కు చేయాల్సిన పని మాత్రం ఆగిపోయింది. వానల్లో పట్టుకున్న జ్వరం పోతూ పోతూ వాసనలన్నిటినీ వెంటబెట్టుకుపోయింది. ఉప్పు, పులుపు, కారం నాలుక చెబుతోంది. మిగతాదంతా కాగితం నమిలినట్టే. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే కూతురూ అల్లుడూ ఎంతో మర్యాదగా గరిటె పుచ్చుకుని, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అన్నం పెడతారు. ఆ మర్యాద తలచుకుంటేనే ఆయనకి ఒళ్ళు మండేది.

పైగా పెద్ద పని ముందుంది. ఇంటి వెనక జాగాలో, రేకుల కప్పు కింద బొగ్గుల పొయ్యి ఉంది. అక్కడే నాలుగు బల్లలు వేసి చిన్న హోటల్ తెరవాలని పిల్లలిద్దరి ఆలోచన. మాస్టారి చేతి వంట మీదే వాళ్ళ ధైర్యమంతా.

పొయ్యి పక్క గట్టు మీద కుండీలు వరసగా ఉండేవి. కుండీలంటే పాత రంగు డబ్బాలు, పిడి ఊడిన బకెట్లూను. పొయ్యికి దగ్గరగా పుదీనా, దాని పక్కన కొత్తిమీర, చిట్టచివర పార్స్లీ అనే సీమ ఆకు. లేతగా ఉన్నప్పుడు కొత్తిమీర, పార్స్లీ చూపుకి అక్కచెల్లెళ్ళే, వాసనలోనే తేడా. ఆవిరి పడుతుందని కళ్ళజోడు తీసి పక్కన పెట్టే మనిషికి మరీను. అందుకని ఆయన ఆకును వదిలేసి వరసను గుర్తుపెట్టుకున్నారు. తుంచిన ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకునే అలవాటు మానలేదు. ఇప్పుడది చూసేవాళ్ళ కోసం.

అల్లుడు మంచివాడు. చిక్కంతా మంచివాళ్ళతోనే. సెగకి ఆకులు మాడుతున్నాయని ఆ ఆదివారం ఉదయం కుండీలన్నీ గోడవారకి చేర్చి, చేతికి ఏది వస్తే అది పెట్టుకుంటూ పోయాడు. మాస్టారు వచ్చారు. పుదీనా గుబురు పోల్చుకున్నారు. దాని పక్క కుండీలోంచి గుప్పెడు తుంచి, నలిపి చూసి "ఆహా!" అన్నారు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, నిమ్మరసం కలిపి ముద్ద నూరి, సగం చేపలకి పట్టించి బొగ్గుల మీద పెట్టారు.

"అదిరింది మామయ్యా!" అన్నాడు అల్లుడు మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే. "ఇది కొత్తిమీర కాదు కదూ? మన హోటల్లో మొదటి వంటకం ఇదే."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెంలోకి వంగి చూశారు.

"నేనే చెప్పాను బాబూ, ఈసారి పార్స్లీ వేసి చూడమని," అంది ఆయన భార్య.

ఆవిడ అలాంటిదేమీ చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన వంటలో ఆవిడని వేలు పెట్టనిచ్చిందీ లేదు. ఆయన ఆవిడ వైపు చూశారు. ఆవిడ తలెత్తకుండా ముల్లు తీసుకుంటోంది. గుట్టు నిలబడింది. నోరు మూసుకుంటే హోటలూ నిలబడుతుంది. కానీ పొరపాటున కుదిరిన వంటకి మెచ్చుకోలు పుచ్చుకోవడం, ఆయనకి ఎవరిదో చొక్కా తొడుక్కుని ఫొటో దిగినట్టనిపించింది.

"కాదు. కొత్తిమీర అనుకునే వేశాను," అన్నారు. "నాకు వాసన తెలియట్లేదు."

కూతురు చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "అమ్మా, నీకు తెలుసా?"

"పాలు మాడిన రోజున తెలిసింది. ఇల్లంతా కంపు కొడుతుంటే మీ నాన్న పొయ్యి పక్కనే కూర్చుని హాయిగా పేపరు చదువుకుంటున్నారు."

"మరి అడగలేదేం?" అన్నారు మాస్టారు.

"మీరే చెబుతారని చూస్తున్నాను."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. సిగ్గు వేసింది. దాని వెనకే, ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా, గుండె తేలికపడింది.

అల్లుడు గబగబా లేచాడు. "తప్పు నాది మామయ్యా. కుండీలు ఎక్కడివక్కడ పెట్టేస్తాను."

"ఉండనీ. ఇక్కడ మాడిపోతున్నాయన్నావుగా."

సగం చేపలు ఇంకా పళ్ళెంలో పచ్చిగానే ఉన్నాయి. మాస్టారు గోడవారకి వెళ్ళి, ఒక రెమ్మ తుంచి, నలిపి, భార్య ముక్కు దగ్గర పెట్టారు.

"ఇదేంటో చెప్పు."

పొయ్యి దగ్గర ఆయన ఆ మాట ఎవర్నీ అడిగి ఎరగరు. ఆవిడ కళ్ళు మూసుకుని, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే వాసన చూసింది.

"కొత్తిమీర," అంది.

ఆయన తలూపి పొయ్యి వైపు నడిచారు. వెళుతూ వెళుతూ ఆవిడ కోసం ఒక కుర్చీ కూడా పట్టుకెళ్ళారు.